ట్యాంకు దగ్గర కాపలా

మార్చి 3, సోమవారం

గురువారం, రిటైరైనవాళ్లం పెట్టుకున్న మా విశ్రాంతి సంఘంలో చమురు పరిశ్రమ మీద ఉపన్యాసమట. ముప్పై ఏళ్లు బావులు తవ్వించి రిటైరైన ఇంజినీరు ఎవరో వస్తున్నాడు. తిరుగు మాట నాదేనని హెడ్మాస్టారు పొద్దున్నే కబురు పెట్టారు. మా సంఘం పద్ధతి అది. వక్త దిగగానే సభ్యుల్లో ఒకడు లేచి, విన్నదానికి తన బతుకులోంచి ఒక ముక్క జోడించి, ఆ తరవాతే ధన్యవాదం చెప్పాలి. ఊరికే "బాగా చెప్పారు" అని తప్పించుకుంటే కంపౌండరు గంట కొట్టి కూర్చోబెడతాడు. పోయిన నెల తేనెటీగల ఉపన్యాసానికి తిరుగు మాట చెప్పమంటే టైపిస్టు తన అత్తగారి గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. గంట కొట్టాల్సినవాడు కూడా నోరు తెరుచుకుని విన్నాడు.

నాకు ముక్క వెతుక్కునే పని లేదు. ప్రార్థన కూటాల్లో చెప్పే నా సాక్ష్యం ఉంది. "నూనె లేని దివిటీ." ముప్పై నాలుగేళ్లుగా చెబుతున్నాను. బైబిల్లో పెళ్లికుమారుడి కోసం కాచుకుని, దివిటీలకు నూనె తెచ్చుకోక కునికిన బుద్ధిలేని కన్యలు ఒక పక్క, చమురు బావి దగ్గర కాపలా కాస్తూ మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసిన నా తమ్ముడు ఒక పక్క. వాడు ఆ మంటలో పోయాడు. ఆ మంటను నేను ఊరూరా మోశాను. బస్సు డిపోలో టైర్లు మార్చిన చేతులివి, ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కలేదు, అయినా ఈ సాక్ష్యం విని ఎంతమంది మారలేదు? మైకు పెట్టే మెకానిక్కు తాగుడు మానలేదా? పదకొండేళ్లయింది, చుక్క ముట్టలేదు.

మా ఆవిడ అంటుంది కదా, "వంటనూనె గురించైతే నేనూ వచ్చేదాన్ని."

మార్చి 6, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

తపాలా ఆఫీసు పైగది. మడత కుర్చీలు ముప్పై, మనుషులు ఇరవై రెండు. బొమ్మలు చూపించే మిషను పని చెయ్యలేదు. ఇంజినీరు నొచ్చుకోలేదు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఒక బకెట్టు, చెంబు, రబ్బరు గొట్టం తెప్పించుకుని మొదలుపెట్టాడు.

"భూమిలోకి ఇనప గొట్టం దించుతాం. అందులోంచి మడ్డు పంపుతాం. మడ్డంటే మట్టీ నీళ్లూ మందులూ కలిపిన చిక్కటి బురద. అది అడుగుదాకా పోయి, రాతిపొడిని మోసుకుని పైకొచ్చి మళ్లీ ట్యాంకులో పడుతుంది. ఎంత పంపితే అంతే తిరిగి రావాలి. పంపినదానికన్నా ఎక్కువొచ్చిందనుకోండి?"

"లాభం," అన్నాడు కంపౌండరు. అందరూ నవ్వారు.

"చావు సార్. కింద గ్యాసు చొరబడి మడ్డును పైకి తోస్తోందన్నమాట. వెంటనే బావి మూతి బిగించకపోతే అంతా అంటుకుంటుంది. మరి ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? నాలాంటివాడికి కాదు. ట్యాంకు అంచున నిలబడి, కర్ర ముంచి మట్టం కొలుస్తాడే, వాడికి. మా అందరిలోకీ తక్కువ జీతం వాడిది."

ఆ తరవాత ఏం చెప్పాడో నాకు సరిగ్గా తెలియదు. ఒప్పుకోవాలి. నా ముక్కను నేను నూరుకుంటున్నాను. ట్యాంకు అన్నాడు, కాపలా అన్నాడు, ప్రభువే దారి వేస్తున్నాడనుకున్నాను. గొంతు తగ్గించి "ఒకసారి మా దగ్గర..." అని ఏదో మొదలుపెట్టి ఆగి మంచినీళ్లు తాగాడు. అదొక్కటే గుర్తుంది.

"ఇక మన ఉరుము లేస్తాడు, చెవుల్లో దూది పెట్టుకోండి," అన్నారు హెడ్మాస్టారు. లేచాను. చెప్పాను. ఏనాడూ అంత బాగా చెప్పలేదు. "ఆ ట్యాంకు దగ్గర నా తోడబుట్టినవాడు నిలబడ్డాడయ్యా! నిలబడాల్సినవాడు పడుకున్నాడయ్యా!" అన్నప్పుడు టైపిస్టు కళ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు.

టీ దగ్గర ఇంజినీరు నా పక్కకొచ్చాడు.

"అది ఏ సంవత్సరం?" చెప్పాను.

"ఎన్నో నంబరు బావి?" చెప్పాను.

"ఆయన నిద్రపోలేదండీ. నేను ఆరోజు అక్కడే ఉన్నాను. రెండుసార్లు మా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు."

ఇంకా ఏదో అనబోయాడు. ఫోటో కోసం హెడ్మాస్టారు చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. ఫోటోలో నేనూ ఉన్నాను. నవ్వానట.

మార్చి 7, శుక్రవారం

అబద్ధం.

మార్చి 8, శనివారం

నిదానంగా ఆలోచిస్తే అంతా తేలిపోతుంది.

ఒకటి, కాగితం ఉంది. "కాపలా మనిషి నిద్రలో ఉన్నందున" అని నల్లటి సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఉంది. వాడు పోయినప్పుడు చమురు కంపెనీ ఆఫీసులో నాకు చూపించారు. నలుగురి సంతకాలున్నాయి. ముసలాయన జ్ఞాపకం పెద్దదా, నలుగురి సంతకాలు పెద్దవా?

మరి తమ్ముణ్ణి నేనెరగనా? తాగేవాడు. ప్రార్థన కూటానికి రావడం మానేశాడు. చనిపోవడానికి వారం ముందు వాడి గుమ్మంలో నిలబడి, "నువ్వు నిద్రపోతున్నావురా, మేలుకో, లేకపోతే మంట నిన్ను లేపుతుంది," అన్నాను. అక్షరాలా ఆ మాటే అన్నాను. వారంలో అంతా జరిగింది. కాగితం చూసినప్పుడు నాకు

(మూడు లైన్లు కొట్టేశాను. ఇంకెవరూ చదవని పుస్తకంలో ఎందుకు కొట్టేశానో తెలియదు.)

అన్నిటికన్నా పెద్ద రుజువు వాడి భార్య, మా మరదలు. ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఎన్నిసార్లు ముందు వరసలో కూర్చుని కన్నీళ్లతో నా సాక్ష్యం వినలేదు? తప్పయితే లేచి చెప్పేది కాదా?

ఆదివారం వదిలి పై ఆదివారం, పదహారున, బడి మైదానంలో ఉజ్జీవ కూటం. నాదే ముఖ్య ప్రసంగం. కరపత్రాల మీద "నూనె లేని దివిటీ" అని అచ్చు కూడా వేయించారు.

మార్చి 10, సోమవారం

వెళ్లాను. హెడ్మాస్టారి దగ్గర ఇంజినీరు అడ్రసు తీసుకున్నాను. మూడో అంతస్తు. గ్రంథం చంకలో పెట్టుకుని మెట్లెక్కాను, వాడితో ప్రమాణం చేయిద్దామని.

చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తలుపు తీసి మళ్లీ బల్ల దగ్గరికే పోయాడు.

"మీరొస్తారనుకున్నాను. రారేమో అని కూడా అనుకున్నాను. కూర్చోండి."

కూర్చోలేదు. "కాగితం ఉంది. నలుగురు సంతకం చేశారు," అన్నాను.

"నాలుగోది నాదే. అసలు ఆ కాగితం రాసిందే నేను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు. పై ఆఫీసరు చెబుతుంటే రాశాను." కాలర్ మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూనే ఉన్నాడు. "మీ తమ్ముడు మొదటిసారి వచ్చి, 'సార్, మట్టం జానెడు పెరిగింది' అన్నాడు. 'ఇప్పుడే కొత్త మడ్డు కలిపాం, అదేలే, పో' అన్నాడు షిఫ్టు ఇన్‌చార్జి. పోయాడు. మళ్లీ వచ్చాడు. 'కలిపింది కాదు సార్, బుడగలొస్తున్నాయి.' 'ఏరా, తాగొచ్చావా?' అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే మీ తమ్ముడు గేటు దాటి పోయి ఉండొచ్చు. ఎవరూ ఆపేవాళ్లు కాదు. మళ్లీ ట్యాంకు దగ్గరికే పోయాడు."

"తాగాడా ఆరోజు?"

ఆ ప్రశ్న ఎందుకడిగాను?

"తెలియదండీ. వాసన చూసేంత దగ్గరగా మేమెవరం నిలబడలేదు."

అప్పుడు నా నోరు లేచింది. అబద్ధ సాక్షివన్నాను. రక్తం నేలలోంచి అరుస్తోందన్నాను. గ్రంథంలో ఉన్న శాపాలన్నీ వాడి ఇస్త్రీ బల్ల మీద గుమ్మరించాను. కింది అంతస్తు వాళ్లు తలుపులు తీసి చూశారు. వాడు అడ్డు చెప్పలేదు. ప్లగ్గు పీకి, చివర్లో మాత్రం ఇలా అన్నాడు.

"ఏమన్నా పడతానండీ. కానీ ఒక్కసారే రాశాను. ఒక్క కాగితం మీద. మళ్లీ ఆ మాట నోట అనలేదు."

ప్రమాణం చేయించడం మరిచిపోయాను. గ్రంథం తెరవనే లేదు.

మార్చి 11, మంగళవారం

ఒక్కసారే రాశాను, అన్నాడు.

ఏ ఊళ్లో ఏ ప్రసంగం చెప్పానో రాసుకునే చిన్న పుస్తకం ఉంది నాకు. తీశాను. "నూ.లే.ది." అని పొట్టి అక్షరాలు పెట్టుకునేవాణ్ణి. పొద్దుట్నుంచి లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు. డిపోలో డ్యూటీ మధ్య చెప్పినవి ఇందులో లేవు.

ఒక్కసారే, అన్నాడు.

సాయంత్రం

ప్రభువుకు స్తోత్రం! వెలుగొచ్చింది. కీడును మేలుగా తిప్పేవాడాయన. గ్రంథంలో, గోడ మీద నిలబడి బూర ఊదిన కావలివాడు! వినని జనం! నా తమ్ముడే ఆ కావలివాడు. ఎంత గొప్ప సాక్ష్యం. "జానెడు పెరిగింది సార్!" అన్న చోట గొంతు పెంచాలి, "ఆయన మళ్లీ ట్యాంకు దగ్గరికే పోయాడు" అన్న చోట దించి, ఆగాలి. జనం తట్టుకోలేరు. ఒళ్లు జలదరించింది రాస్తుంటే. నాలుగు కాగితాలు ఒక్క ఊపులో రాశాను. ఇది పాతదానికన్నా బాగుంది.

మార్చి 12, బుధవారం

పాత డైరీలు అటక మీద నుంచి దింపాను. మా ఆవిడ స్టూలు పట్టుకుని, "పడితే మాత్రం నన్ను సాక్ష్యంలో పెట్టకండి," అంది. నవ్వలేకపోయాను.

ఆ సంవత్సరపు డైరీ. వాడు పోయిన తొమ్మిదో రోజు. నా చేతిరాతే.

"మరదలు ఏదో చెప్పింది. ప్రార్థించాను. రేపు టైర్ల లోడు."

ఏదో.

ఏం చెప్పింది? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. లోడు మాత్రం గుర్తుంది, అరవై టైర్లు.

మార్చి 13, గురువారం

సంఘానికి పోలేదు. మరదలి దుకాణానికి పోయాను.

వాడు పోయాక ఆమె తాళంచెవుల పని నేర్చుకుంది. సందు మొగలో పెట్టెంత కొట్టు. గోడంతా ఇంకా గాట్లు కొయ్యని తాళంచెవులు మేకులకు వేలాడుతుంటాయి. మిషను మీద ఒక చెవి అరగదీస్తోంది. ఇత్తడి పొడి మోచేతుల దాకా.

"రండి బావగారూ. ఆ స్టూలు మీద వద్దు, జిడ్డుంది. ఇటు కూర్చోండి."

"నీకో సంగతి చెప్పాలమ్మా. గట్టిగా పట్టుకో మనసు. వాడు... వాడు ఆరోజు నిద్రపోలేదట."

చెవిని వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్లీ మిషనుకు పెట్టింది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"తొమ్మిదో రోజు నుంచి. అక్కడ క్రేను నడిపేవాడొకడు వచ్చి చెప్పిపోయాడు. ఆ సాయంత్రమే మీ ఇంటికొచ్చి మీకు చెప్పాను. 'దుఃఖంలో మనసు కథలు అల్లుతుందమ్మా, ప్రార్థన చేసుకో' అన్నారు."

నేనన్నానా? అన్నానేమో. అనే ఉంటాను. నా మాటలాగే ఉంది.

"మరి ఇన్నేళ్లూ ముందు వరసలో కూర్చుని విన్నావు కదా! లేచి ఒక్క మాట అనలేదే?"

"రెండుసార్లు విన్నాను. తరవాత రావడం మానేశాను. నేను లేనని మీకు తెలియలేదా?"

ఒకాయన వచ్చి సైకిలు తాళం చెవి అడిగాడు. ఇచ్చి పంపింది. ముప్పై రెండేళ్లు ఆ ముందు వరసలో ఏడ్చిందెవరు?

"ఇంకోటి అడగనా బావగారూ? మీ అంత చదవలేదు నేను. ఆ పదిమంది కన్యల కథలో నూనె తెచ్చుకున్న బుద్ధిగలవాళ్లు కూడా నిద్రపోయారు కదా. పదిమందీ పడుకున్నారు. మరి నిద్రపోవడం తప్పని మీరెలా చెబుతారు?"

గ్రంథం చేతిలోనే ఉంది. తెరిచాను. పదిమందీ కునికి నిద్రపోయారు. ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంది. ఆ పేజీ నా వేళ్లతో నల్లబడిపోయి ఉంది.

అప్పుడు, ఆమెను ఓదార్చుదామనే, సత్యంగా ఓదార్చుదామనే, జేబులోంచి నాలుగు కాగితాలు తీశాను. "ఆదివారం అందరి ముందూ వాణ్ణి నిలబెడతానమ్మా. నమ్మకమైన కావలివాడని, బూర ఊదినా లోకం వినలేదని..."

మిషను ఆపేసింది.

"వద్దు."

"అది కాదమ్మా, వాడికి గౌరవం..."

"నిద్రపోయినోడని ఇన్నేళ్లు తిప్పారు. ఇప్పుడు మేలుకున్నోడని ఇంకో ఇన్నేళ్లు తిప్పుతారా? మీ నోట్లోంచి ఆయన్ని ఇక బయటికి పంపండి బావగారూ. నిద్రపోలేదు అని చెప్పండి. ఆపండి. దాని మీద ప్రసంగం కట్టకండి."

"అంతేనా?"

"అంతే. చేతనవుతుందా మీకు?"

మార్చి 14, శుక్రవారం

చేతనవుతుందా?

చెడ్డ చెట్టుకు మంచి పండు కాయదంటారు. మరి మెకానిక్కు? పదకొండేళ్ల పండు అది. అబద్ధపు చెట్టుకు కాసిందా? చెట్టు కొట్టేస్తే పండు ఏమవుతుంది? మరదలికి న్యాయం చేయబోయి ఒకణ్ణి సారా కొట్టుకు తోలతానా? ఇది అపవాది నన్ను పట్టుకు లాగడమా, ప్రభువు లాగడమా? ఇన్నేళ్లు ఆ ఇద్దరి గొంతులూ వేరు చెప్పగలనని ఊరికి చెప్పాను. ఈరోజు ఏది ఏదో పోల్చుకోలేకపోతున్నాను.

మోకాళ్ల మీద గంటసేపు ఉన్నాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి. అంతే.

మార్చి 15, శనివారం

మా ఆవిడకు చెప్పాను, మొత్తం. విని అంది, "రెండు ముక్కల్లో ఆపగలరా మీరు? నన్ను చూడ్డానికి వచ్చినరోజు మంచినీళ్లు అడగడానికే అరగంట ప్రార్థన చేశారు."

తరవాత తనే, "ఆపండి. నేను ముందు వరసలో కూర్చుంటాను," అంది.

నాలుగు కాగితాలూ చించాను. మూడు చించాను. నాలుగోది పుస్తకంలో ఉంది. ఎందుకుంచాను?

చించాను.

మార్చి 16, ఆదివారం

బడి మైదానం. పొద్దున పది గంటలు. మూడు వందలమంది ఉంటారు. మా సంఘం వాళ్లు కూడా వచ్చారు, ఉరుము వినడానికి. మెకానిక్కు మైకు సరిచేసి, "అన్నా, ఇవాళ కొంచెం దూరంగా పట్టుకో, పోయినసారి స్పీకరు పేలింది," అన్నాడు.

దగ్గరగానే పట్టుకున్నాను. గొంతు రాలేదు కాబట్టి.

"నా తమ్ముడు నిద్రపోలేదు. నిద్రపోయాడని నేను ముప్పై నాలుగేళ్లు చెప్పింది అబద్ధం. నిజం నాకు అప్పుడే చెప్పారు, నేను వినలేదు."

అలవాటుగా నాలుగు పక్కల నుంచి "స్తోత్రం" అన్నారు. అలవాటుగా నా కుడి చెయ్యి పైకి లేచింది. తరవాతి మాట గొంతు దాకా వచ్చి కూర్చుంది. గోడ మీద కావలివాడు. ఎంత మంచి మాట! మూడు వందల ముఖాలు దాని కోసం పైకెత్తి ఉన్నాయి. ముందు వరసలో మా ఆవిడ తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెం.

చెయ్యి దించాను. కుర్చీలో కూర్చున్నాను.

"అయిపోయిందా?" అని కంపౌండరు పక్కవాణ్ణి అడగడం మైకులో కూడా వినిపించింది.

మరదలు రాలేదు. వస్తుందని నేనెందుకు అనుకున్నాను?

జనం వెళ్లిపోయాక మెకానిక్కు వైర్లు చుడుతున్నాడు. చుట్టి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతున్నాడు. దగ్గరికి పోయాను.

"అన్నా, మీ తమ్ముడిలా పోకూడదని కదా నేను మానేసింది. ఆయన అలా పోలేదంటున్నావు. మరి నేను దేన్ని చూసి మానేసినట్టు?"

"తెలియదు," అన్నాను.

"అబద్ధానికా?"

"తెలియదు తమ్ముడూ."

గ్రంథం చేతిలో ఉంది. ఏ పేజీ తియ్యాలో కూడా తెలియలేదు. వాడు వైరు కింద పడేసి స్టేజీ అంచున కూర్చున్నాడు. "నిజం చెప్పనా? ఇప్పుడు మహా దాహంగా ఉంది. మంచినీళ్ల దాహం కాదు."

వాడి పక్కన కూర్చున్నాను. ప్రార్థన చేద్దామా అని అడగబోయి మానుకున్నాను. ఇవాళ ఇంటికి పోకుండా వాడితోనే ఉంటానన్నాను. సరేనన్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఇద్దరం కుర్చీలు మడిచి లారీలోకి ఎక్కించాం, ఒక్కొక్కటే, తొందర లేకుండా. సగంలో ఆగి అడిగాడు.

"ఎలా ఉండేవాడన్నా మీ తమ్ముడు?"

నోరు తెరిచాను. ట్యాంకు వచ్చింది, మంట వచ్చింది, కునుకు వచ్చింది. అన్నీ నేను చెప్పినవే. వాడి ముఖం కోసం వెతికితే నా ప్రసంగమే అడ్డొస్తోంది. చేతిలో ఉన్న మడత కుర్చీని లారీలోకి ఎక్కించాను.

"మెట్లు లెక్కపెట్టేవాడు," అన్నాను చివరికి. "చిన్నప్పుడు ఏ మేడ ఎక్కినా. నేను పదిహేడంటే వాడు పద్దెనిమిది అనేవాడు. కావాలనే. నేను మళ్లీ కిందికి దిగి మొదట్నుంచి లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాణ్ణి. వాడు పైన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వేవాడు."

"ప్రతిసారీ నమ్మేవాడివా?"

"ప్రతిసారీ."